పన్నెండు ఈటెలు

8 జూన్, ఆదివారం

కంటి డాక్టర్ నిన్న రాసిచ్చిన చీటీ పర్సులో పెట్టాను. కుడి కన్ను, రెటీనా స్కాన్, రెండు వారాల్లోపు. పదిహేనేళ్ల షుగర్ కనక ఆలస్యం చేయొద్దన్నాడు. ఇంట్లో అరుణకు అద్దాల నంబరు మారిందని చెప్పాను. నంబరు మారిన మాట నిజమే.

ఇవ్వాళ హన్మకొండ వెళ్లాను, మా పేపర్ ఆదివారం పేజీ స్టోరీ కోసం. మహిత పళ్ల డాక్టర్. మా పాత డెస్క్ ఇన్‌చార్జి కూతురు. ఆదివారం క్లినిక్‌కు పేషెంట్లు రారు. పళ్ల కుర్చీ పైన ఉండే లైటును కిందికి లాగి, దాని వెలుగులో అంగుళంపావు ఎత్తు బొమ్మలకు రంగులు వేస్తుంది. బల్ల మీద ఆడే యుద్ధం ఆట కోసం. బొమ్మలను టేపుతో కొలిచి జరుపుతారు, పాచికలు వేసి ఎవరు బతికారో తేలుస్తారు. బొమ్మలను మహితే కంప్యూటర్‌లో చెక్కుతుంది. పళ్ల నమూనాలు తీసే ప్రింటర్‌లోనే వాటిని తీస్తుంది. ఆడేవాళ్లు ఊళ్లో పదకొండు మంది. నియమాలు, కథలు రాసేది వినయ్. ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాడు.

"సార్, పిల్లలాట అని మాత్రం రాయకుండ్రి," అన్నాడు వినయ్. "మా అమ్మ చదువుతది. అదే నిజమంటది."

"మరి ఏమని రాయాలి?"

"నీళ్లు అయిపోయిన గ్రహం సార్. ఒక్కటే చెరువు మిగిలింది. వీళ్లు దాని కావలి పటాలం. నలభై మంది ఆడోళ్లు."

మహిత ఒక ముఖానికి రంగు వేస్తుంటే పక్కన కూర్చున్నాను. ముఖం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి చూశాను. ఏడు పొరలు వేసింది. ఒక్కో పొర నీళ్ల పాలంత పలచన. బుగ్గ ఎముక మీద లేతగా, దవడ కింద ముదురుగా. నలభై నిమిషాలు. ఐదో పొర దాకా అది బూడిద రంగు ముద్ద. ఆరో పొరకు అది నన్ను చూసింది.

'చూసింది' అని పేపర్లో రాయలేను. ఇక్కడ రాస్తున్నాను.

15 జూన్, ఆదివారం

మళ్లీ వెళ్లాను. స్టోరీకి ఇంకొన్ని వివరాలు కావాలి.

ఒక బొమ్మ శాలువా మీద మడతలు లెక్కపెట్టాను. పదిహేడు. ప్రతి మడతకు ఒక వెలుగు, ఒక నీడ.

22 జూన్, ఆదివారం

మహిత నా చేతికి కుంచె ఇచ్చింది. "చూసుడు అయింది గద అంకుల్, ఇగ వెయ్యుండ్రి."

మొదటి బొమ్మను చెడగొట్టాను. చెడగొట్టిన తీరు రాసుకోవాలి. మా ఇంట్లో మూడు తరాల వాళ్లు వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులద్దారు. నా తోడబుట్టిన పండరన్న ఇప్పటికీ అద్దుతున్నాడు. నూలు తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే తేలుతుంది. అందుకని కావలసిన దానికన్నా ఒక మెట్టు ముదురు కలపడం చిన్నప్పుడే చేతికి వచ్చింది. ఈ రంగులు ఉల్టా. ఆరితే ముదురుతాయి. నేను ఒక మెట్టు ముదురు కలిపాను, అది ఆరి ఇంకో మెట్టు ముదిరింది.

వినయ్ ఆ బొమ్మను పైకెత్తి చూశాడు. "సార్, ఈమె బాయిల షిఫ్ట్ దిగి సక్కగ ఇటే వచ్చినట్టుంది. బొగ్గు కూడ కడుక్కోలే."

రెండో బొమ్మ కుదిరింది. ఇంటికి తెచ్చుకుని కిటికీలో పెట్టాను. ఇరవై ఏడేళ్లుగా ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. చేత్తో పట్టుకుని చూసుకునే పని ఇదే మొదటిది.

30 జూన్

స్కాన్‌కు వెళ్లాలనుకున్నాను. కలెక్టరేట్‌లో సమీక్ష. కుదరలేదు.

3 జూలై

వర్షాకాలం ప్రణాళిక మీద ప్రెస్‌మీట్. కుదరలేదు.

11 జూలై, శుక్రవారం

ధర్మసాగర్ వెళ్లాను, రిజర్వాయర్‌లో నీటిమట్టం వార్తకు. పొద్దుటి నుంచి మబ్బు. గాలి లేదు. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

ఎడమ కంట్లో నలక పడింది. ఆ కన్ను మూసుకుని నలుపుకుంటూ కట్ట వైపు చూశాను. కట్ట మధ్యలో కిందికి వంగి ఉంది. కొసలు రెండూ సమంగా ఉన్నాయి, మధ్యలో మాత్రం ఎవరో వేలితో నొక్కినట్టు పల్లం. ఆ పల్లంలో నీళ్లు కట్టకన్నా పైకి ఉన్నాయి. కింది ఊళ్లలోకి పారడం లేదు. అలా నిలబడి ఉన్నాయి. భయం వేయాల్సింది. వేయలేదు. నోరు తెరుచుకుని చూశాను.

నలక పోయాక రెండు కళ్లతో చూస్తే కట్ట మామూలుగానే ఉంది. ఎండకు గాలి అలా కదులుతుంది.

13 జూలై, ఆదివారం

సెప్టెంబరు 14న హన్మకొండలో పోటీ. హైదరాబాద్, కరీంనగర్ నుంచి కూడా వస్తున్నారు. ఆటకు ఒక బహుమతి, రంగులకు ఒకటి. మహిత ఈ పటాలాన్ని రెండేళ్లుగా చెక్కుతోంది. అందులో ఈటెలు పట్టుకున్న పన్నెండు మందిని నాకిచ్చింది. ముందువరసలో నిలబడేది వాళ్లే.

"మీ చెయ్యి వణకది అంకుల్. వినయ్‌కు ఇస్తే మీసాలు పెడ్తడు."

"మీసాలున్న ఆడోళ్లు ఉండొద్దా ఆ గ్రహంల?" అన్నాడు వినయ్.

ఈటె మందం ఒక మిల్లీమీటరు. ప్రింటర్‌లోంచి వచ్చి గట్టిపడేటప్పుడు ఒక్కోసారి వంగుతుందట. వంగితే వేడినీళ్లలో పది సెకన్లు ముంచి, మెత్తబడ్డాక వేళ్లతో చక్కచేసి, వెంటనే చన్నీళ్లలో వేయాలి. ఎట్లా చక్కచేస్తే అట్లాగే ఉండిపోతుంది. ఒకటి చేసి చూపించింది.

చౌరస్తాలో గడియారాల దుకాణంలో కంటికి బిగించుకునే భూతద్దం కొన్నాను. కుడి కంటికి పెట్టుకుంటాను. అలవాటైన కన్ను అదే.

20 జూలై, ఆదివారం

పన్నెండు ఈటెలూ వంకరే. మొదటిది చూసి ఒకటే అనుకున్నాను. వరసగా అన్నీ. ప్రింటర్‌లో ఏదో లోపం ఉంది. మహితకు చెప్పలేదు. రెండేళ్ల పని, నొచ్చుకుంటుంది.

పొద్దున్నే టీ నీళ్లతో పాటు ఇంకో గిన్నె పెడుతున్నాను. రోజుకు రెండు ఈటెలు. భూతద్దం కింద ఆ వంపు మెల్లగా లేవడం, గీత గీతగా మారడం చూస్తుంటే ఊపిరి తీసుకోవడం మరిచిపోతున్నాను.

26 జూలై, శనివారం

పన్నెండూ చక్కబడ్డాయి. బాణాల్లా ఉన్నాయి.

షుగర్ చూపించుకున్నాను. నంబరు రాయను.

29 జూలై, మంగళవారం

పండరన్న వచ్చాడు, ఇంటిపన్ను కాగితం మీద సంతకానికి. బల్ల మీది బొమ్మలు చూశాడు.

"తమ్మీ, ఊరందరి తప్పులు రాసి రాసి ఆఖరికి బొమ్మలాటకు వచ్చినవా?"

అరుణ వంటింట్లోంచి నవ్వింది. "జర గట్టిగ చెప్పు బావా. బడి పిల్లలు నా మాట వింటరు గని, మీ తమ్ముడు వినడు."

అన్న ఒక బొమ్మను గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకుపోయాడు. నూలు చూసినట్టే చూశాడు, ముందు దూరంగా పట్టుకుని తర్వాత దగ్గరగా.

"పని మంచిగున్నది. గింత సన్నం అంచు మన నాయిన కూడ వెయ్యలే." ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. తర్వాత, "ఈ ఒక్కదానికి ఆకుపచ్చ ఎందుకేసినవ్? కడమయి నీలం ఉన్నయి గద."

అన్నిటికీ నీలమే వేశాను.

ఈ రంగులు ఆరితే మారతాయని చెప్పాను. నీలం ఆరితే ఆకుపచ్చ అవుతదా అని అడిగాడు.

సీసాలు చూశాను. రెండు పక్కపక్కనే ఉన్నాయి. పేర్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. పొరపాటు ఎవరైనా చేస్తారు.

3 ఆగస్టు, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం పదిన్నరకు క్లినిక్‌కు వెళ్లాను. పన్నెండు బొమ్మలను స్వీట్ల డబ్బాలో దూది మధ్య పెట్టి తీసుకుపోయాను. మూత తీశాను. మొదట మాట్లాడింది వినయ్.

"సార్, ఇవేంది? ఈటెలా, కొడవండ్లా?"

హాస్యమనుకుని నవ్వాను. వాళ్లిద్దరూ నవ్వలేదు.

"ప్రింటర్‌లో అన్నీ వంకర వచ్చాయమ్మా," అన్నాను. "వేడినీళ్లలో చక్కచేశాను."

"మీకిచ్చినప్పుడు సక్కగనే ఉండె గద సార్! నేనే ఒక్కొక్కటి..." అన్నాడు వినయ్. మహిత చేత్తో ఆపింది.

పనిముట్లు పెట్టే స్టీలు పళ్లెంలో పన్నెండింటినీ వరసగా నిలబెట్టింది. లైటు కిందికి లాగింది. పళ్ల మధ్య సందు కొలిచే పరికరంతో కొలవడం మొదలుపెట్టింది. నేను మామూలుగా ఇతరుల ముఖాలు చూసి రాసుకునేవాడిని కనక ఆమె ముఖం చూశాను. నాలుగో ఈటె దగ్గర ఆమె నెమ్మదించింది. పన్నెండోది కొలిచి, పరికరం కింద పెట్టింది.

"అన్ని ఒక్క దగ్గరనే వంగినయి అంకుల్. కింది నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు. అన్ని ఎడమకే. ఏ కంటితోని చూసి చేసిండ్రు?"

"కుడి."

మందుల చీటీ మీద స్కేలుతో ఒక గీత గీసింది. ఎడమ కన్ను మూసుకోమంది. చూశాను. గీత మధ్యలో పల్లం. ధర్మసాగర్ కట్ట లాగే.

"షుగర్ ఎంత?"

చెప్పాను. మూడు వందల పన్నెండు. మూడు నెలల సగటు పరీక్షలో పదిన్నర శాతం.

"కంటి డాక్టర్‌కు ఎప్పుడు చూపించిండ్రు?"

పర్సులోంచి చీటీ తీసి ఇచ్చాను. జూన్ 7 తేదీ. ఆమె రెండుసార్లు చదివింది.

"ఎనిమిది వారాలు అంకుల్. పేపరోళ్లు అందరిని నిలదీసి అడుగుతరు. మిమ్ములను ఎవలు అడగాలె?"

వినయ్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. సార్ అనలేదు, జోకు వేయలేదు.

ఏ వార్తకైనా ఇద్దరు సాక్షులుంటే చాలు అంటాం. పళ్లెంలో పన్నెండు మంది నిలబడి ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, వేర్వేరు రోజుల్లో తయారయ్యారు, అందరూ ఒకే మాట చెబుతున్నారు. నా కంటి లోపల ఎక్కడ ఎంత వంగిందో నా చేతులే వారం రోజులు కూర్చుని చెక్కి పెట్టాయి. వంకరలేని ఈటెలను, నా వంకరకు సరిపోయేంత కచ్చితంగా, ఎడమకు వంచాయి. ఒక్కటి కూడా తప్పు పోలేదు. సిగ్గు వేసింది. సిగ్గుకన్నా ముందు వేసింది ఆశ్చర్యం. అదీ రాయాలి.

అరుణకు ఇంటికి వెళ్తూ ఆటోలోంచి ఫోన్ చేశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక. ఇంటికి వెళ్లేసరికి తలుపు తీసి కూర్చుని ఉంది.

"ఇరవై నాలుగేండ్ల సంది నీ ప్రతి వార్త నేనే మొదలు చదివిన," అంది. "నాకు చెప్పే వార్తనే కోసి చెప్పినవా?"

ఆమె రేపటికి బడికి సెలవు పెట్టింది.

4 ఆగస్టు, సోమవారం

స్కాన్ అయింది. గడ్డం ఆనించి ఆకుపచ్చ చుక్కను చూడమన్నారు. కుడి కన్ను కొన్ని సెకన్లు, ఎడమ కన్ను కొన్ని సెకన్లు. అంతే. దీనికి ఎనిమిది వారాలు.

తెర మీద బొమ్మ వచ్చింది. రెటీనాను నిలువునా కోసినట్టు ఉంది. పొరలు పొరలుగా, బండ కోసిన క్వారీ గోడలా. మధ్యలో లోయ ఉండాలట. నాకు అక్కడ గుట్ట ఉంది. గుట్ట లోపల నల్లటి గుహలు, అవి నీళ్లు. డాక్టర్ మౌస్‌తో ఒక గీత పెట్టాడు. 538 మైక్రాన్లు. మామూలుగా 260 దగ్గర ఉండాలి. నేను వంచిన ఈటె దీనికి రెట్టింపు లావు. ఇంత పలచటి దాని మీద ధర్మసాగర్ మొత్తం పట్టింది. మహిత వేసిన ముఖం పట్టింది. యాభై రెండేళ్లుగా చూసినవన్నీ ఈ అర మిల్లీమీటరులోంచే లోపలికి వచ్చాయి. నేను దాన్ని ఇప్పుడే చూస్తున్నాను.

డాక్టర్ చెప్పినవి. ఒకటి, కుడి కంటికి నెలకొక ఇంజెక్షన్, కనీసం మూడు. రెండు, ఎడమ కంట్లో కూడా మొదలైంది, కాని షుగర్ దిగితే దాన్ని కాపాడొచ్చు. మూడు, కుడి కన్ను పూర్తిగా తిరిగి వస్తుందని హామీ లేదు.

"జూన్ల వస్తే?" అని అరుణ అడిగింది.

"ఇంకొంచెం మెరుగుగ ఉండేదమ్మా," అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. నేనైతే ఇంకో రెండు ప్రశ్నలు వేసేవాణ్ణి.

9 ఆగస్టు, శనివారం

మొదటి ఇంజెక్షన్. నొప్పి లేదు, ఒత్తిడి. తర్వాత చూపు కింది భాగంలో ఒక నల్లటి గుండు తేలుతూ కనిపించింది. తల వంచితే దొర్లింది. అంచు ఎంత గుండ్రమో! గాలిబుడగ అని, రెండు రోజుల్లో పోతుందని చెప్పారు. పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

12 ఆగస్టు

అన్నం సగం. రెండు జొన్నరొట్టెలు. ఉదయం నాలుగు కిలోమీటర్లు. షుగర్ 214.

17 ఆగస్టు, ఆదివారం

పన్నెండింటినీ మళ్లీ ప్రింట్ చేయమని, రంగులు ఎవరితోనైనా వేయించమని చెప్పడానికి క్లినిక్‌కు వెళ్లాను. తప్పు నాది, ఒప్పుకుంటే పోతుంది.

మహిత వినలేదు. బొమ్మలు స్టీలు పళ్లెంలోనే ఉన్నాయి. రెండు వారాలుగా తీయలేదట.

"వినయ్ చెప్తడు."

వినయ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, వీళ్లు ఏం కాస్తాండ్రు?"

"చెరువు."

"ఒడ్డు మీద నిలబడి కాస్తె ఏం కావలి సార్ అది? నీళ్లల్ల నిలబడాలె. నీళ్లల్ల కర్ర పెడ్తె ఎట్ల కనపడ్తది?"

గ్లాసు నీళ్లలో స్పూను వేసి నా ముందు పెట్టాడు. నీటి అంచు దగ్గర స్పూను విరిగినట్టు వంగి ఉంది.

"తొమ్మిది మిల్లీమీటర్లు. మోకాలి లోతు. పన్నెండు మందికి ఒక్కటే లోతు. అదే ఒక్కొక్కటి ఒక్కో దగ్గర వంచి ఉంటే నేను సుత మునిగిపోతుంటి."

పళ్లకు వాడే పారదర్శక రెజిన్‌ను మహిత పళ్లెంలో పోసి చూపించింది. బొమ్మల కాళ్ల చుట్టూ నిండింది. తొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర ఆపింది. నీలి దీపం వేసింది. పది నిమిషాలకు అది గట్టిపడింది.

ఎడమ కన్నుతో చూశాను. నీళ్లు. పన్నెండు మంది మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. వాళ్ల ఈటెలు నీటి అంచు దగ్గర విరిగి, పైన తిన్నగా పోతున్నాయి.

"ఆ ఒక్క ఆకుపచ్చ అంచు?" అని అడిగాను.

"నాచు పట్టింది," అన్నాడు వినయ్. "చెరువు గద సార్."

నలభై మందికీ ఒక చెరువు కావాలి, ఎవరి నీళ్ల ముక్కతో వాళ్లు జరిగేలా కోసి. ఇంకా నాలుగు వారాలుంది. నీటిమీద అలల గీతలు గీసే పని నాకిచ్చారు. ఒక కన్నుతో చేస్తే లోతు తెలియదు, తాకుతుందనుకునేలోపే కుంచె తాకుతోంది. చిటికెనవేలు పళ్లెం అంచుకు ఆనించి గీయమని మహిత నేర్పింది. పళ్లు చెక్కేటప్పుడు ఆమె అలాగే ఆనిస్తుందట. మొదటి గీతకు ఐదు సార్లు పట్టింది. తర్వాత తేలికైంది.

6 సెప్టెంబరు

రెండో ఇంజెక్షన్. 168.

14 సెప్టెంబరు, ఆదివారం

పోటీ. రెండు ఫంక్షన్ హాళ్లు కలిపి, తొమ్మిది బల్లలు, ముప్పై నాలుగు మంది. పండరన్న, అరుణ కూడా వచ్చారు. అన్నకు ఆట అర్థం కాలేదు. మూడు గంటలు కదలకుండా చూశాడు.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన మా చెరువు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు బల్ల ఎత్తుకు తెచ్చి, ఒకసారి అటు నుంచి, ఒకసారి ఇటు నుంచి చూశాడు. ఫోటో తీయలేదు. లేచి మహితను అడిగాడు: "నీళ్ల వల్ల వంకర కనపడ్తాందా, నిజంగనే వంకరనా?"

మహిత నా వైపు చూసింది. నేను చెప్పాలి.

"నిజంగానే వంకర," అన్నాను. "నేనే వంచాను."

"అబ్బ!" అన్నాడు ఆయన. "లెక్క ఎట్ల కట్టిండ్రు సార్?"

చెప్పాను. జూన్ నుంచి మొదలుపెట్టి, చీటీ, తేదీలు, నంబర్లు. ఆయన వెనుక ఇంకో నలుగురు నిలబడి విన్నారు. వాళ్లలో ఒకతను మధ్యలో పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. "నాయినా, నీ కండ్లు ఎప్పుడు చూపించినవ్?" అనడం వినపడింది.

రంగుల బహుమతి హైదరాబాద్ వాళ్ల డ్రాగన్‌కు వెళ్లింది. దాని రెక్క మీది నరాలు చూశాక నాకు అభ్యంతరం లేదు. ఆటలో మా పటాలం రెండో రౌండ్‌లోనే పోయింది. వరసగా ఆరు సార్లు ఒకటి పడింది వినయ్‌కు.

"చెరువు పాయె," అన్నాడు, పాచికలు జేబులో వేసుకుంటూ.

"మళ్ల తవ్వుదాం," అన్నాడు పండరన్న. ఆయన అప్పటికే బొమ్మలు డబ్బాలో సర్దుతున్నాడు, ఒక్కొక్కదాన్ని రెండు చేతులతో.

15 సెప్టెంబరు

ఆదివారం పేజీకి స్టోరీ పంపాను. ఏడు వందల మాటలు. విశేషణాలు రెండే ఉన్నాయి. అరుణ రెండూ ఉంచమంది.

11 అక్టోబరు, శనివారం

మూడో ఇంజెక్షన్‌కు ముందు పరీక్ష. 131. కుడి కన్ను 341 మైక్రాన్లు. గుట్ట దిగింది, లోయ ఇంకా ఏర్పడలేదు.

అక్షరాల చార్టు ముందు కూర్చోబెట్టారు. మొదట ఎడమ కన్ను. కింది వరస దాకా చదివాను. తర్వాత ఎడమ కన్నుకు అట్ట అడ్డం పెట్టి, కుడి కన్నుతో చదవమన్నాడు డాక్టర్. ఆగస్టులో మొదటి వరస దాటలేకపోయిన కన్ను.

మొదటి వరస చెప్పాను. రెండోది చెప్పాను. మూడో వరసలో ఎఫ్ ఉంది. దాని నిలువు గీత నిలువుగా ఉంది. అడ్డగీతలు అడ్డంగా ఉన్నాయి. వెనుక కుర్చీలో అరుణ కూర్చుని ఉంది, ఆమెకు అందులో వింత ఏమీ కనిపించి ఉండదు. నేను ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయాను. డాక్టర్ కూడా తొందర పెట్టలేదు.

"తర్వాత వరస?"

నాలుగో వరస నాకు వచ్చు. రెండు నిమిషాల క్రితమే ఎడమ కన్నుతో చదివాను. ఐదు అక్షరాలు, వరసగా నాలుక మీద ఉన్నాయి. చెబితే డాక్టర్ సంతోషిస్తాడు. అరుణ సంతోషిస్తుంది. చార్టు మీద ఆ చోట నాకు కనిపిస్తున్నది పొగ మాత్రమే.

"కనబడ్తలేదు," అన్నాను.

డాక్టర్ రాసుకున్నాడు. అరుణ కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది.